అద్దం డ్యూటీ

గిద్దలూరు స్టేషనులో దిగాం. మార్గశిర మాసం, తెల్లవారుజాము. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. పన్నెండు మందిమి. సామాను దించడానికే గంట పట్టింది. గుడారాలు, బియ్యం మూటలు, కిరసనాయిలు డబ్బాలు, మూడు కాళ్ల స్టాండ్లు, అద్దాల పెట్టెలు. అద్దాల పెట్టెలను మా హవల్దారు కూలీల నెత్తికి ఎక్కనివ్వలేదు. ఒకటి తెచ్చి నా భుజానికి తగిలించాడు.

ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే మనిషి నన్ను చూసి, "ఏంది సిపాయన్నా, యాడికి?" అన్నాడు. ఏంది! ఆ మాట చెవిన పడి రెండేళ్లు. కంటోన్మెంటులో నేను ఆ మాట అంటే మిగతా తెలుగువాళ్లు ఇకిలించేవాళ్లు. ఆ మాట మళ్లీ వినాలని వాడి దగ్గరే నిలబడ్డాను. రెండు గ్లాసుల టీ తాగాను.

ఇప్పుడు మీరు జీపుల్లో పోయి, నెమలిగుండం జలపాతం దగ్గర ఫొటోలు దిగి, సాయంత్రానికి ఇంటికొచ్చి కాళ్లు నొప్పులంటారు. నాకు నవ్వొస్తుంది. నేను చెప్పేది కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల సంగతి. గిద్దలూరు, మార్కాపురం కర్నూలు జిల్లాలోనే ఉండేవి. ఆ కొండల్లోకి బండిబాట ఉంది, అది కూడా రంగనాయకుడి గుడి వరకే. ఆ పైన మన కాళ్లే.

మా పని పటాలు గీసేవాళ్లకు సాయం. తూర్పున మైదానంలో ఒక బోడిగట్టు మీద ఆఫీసరు దుర్భిణి పెట్టుకుని కూర్చుంటాడు. పడమర నల్లమల శిఖరం మీద మేం అద్దంతో ఎండను పట్టి ఆయన మీదికి పంపాలి. పగటిపూట కొండ మీద చుక్క పొడిచినట్టు ఆయనకు మా వెలుగు కనపడుతుంది. దాన్ని చూసి ఆయన కోణాలు కొలుచుకుంటాడు. సూర్యుడు మా ఎదుట ఉంటే ఒక అద్దం చాలు. వెనక్కి తిరిగాక రెండో అద్దం బిగించాలి. ఆ అద్దం మనిషిని నేను.

ఆ రెండు కొండల మధ్యనే మా ఊరు ఉంది. బేస్తవారిపేట పోయే దారిలో, కొండ మీంచి పది మైళ్లు. పేరు చెప్పను, మా ఊరివాళ్లు ఇప్పటికీ దీని మీద నాతో తగువు పెట్టుకుంటారు.

ఊరికి అంత దగ్గరగా వచ్చినా ఇంటికి పోయే దారి లేదు. ఒకటి, ఆఫీసరు ముందే చెప్పేశాడు. "సొంతూరు కనపడే దూరంలో ఉన్నవాడికి సెలవిస్తే మళ్లీ దొరకడు." కొండ పని ముగియగానే అందరం రైలెక్కి ఉత్తరాది సరిహద్దుకు పోవాలి. రెండేళ్ల వరకు సెలవు మాటే లేదు. రెండోది మా నాయన.

మూడేళ్ల కిందట మిరపకాయల బండి తోలుకుని మార్కాపురం పోయిన నేను, బండిని పక్కింటి మామకు అప్పజెప్పి, రిక్రూటింగ్ సాబు వెంట పోయాను. ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. ఒక్కడే కొడుకుని. ట్రైనింగు అయ్యాక మొదటి సెలవుకు పోతే నాయన పంచలో కూర్చుని నామం పెట్టుకుంటున్నాడు. నన్ను అద్దంలోనే చూశాడు. తల తిప్పలేదు.

"మడకా ఎద్దులూ ఇడిసిపెట్టి పోయినోనికి ఈ ఇంట్లో ఏం పని? నా గడప తొక్కొద్దు" అన్నాడు.

లోపల అమ్మ ఏడ్చింది. నేను వీధిలోంచే వెనక్కి తిరిగి స్టేషనుకు నడిచాను. నాకూ పౌరుషమే మరి. ఆయన కడుపునే కదా పుట్టాను.

ఆ అద్దం సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే అద్దం, అరచేయంత. నాయన నామాల పెట్టెలో తిరుమణి ముద్ద పక్కన ఉండేది. ఆయన తప్ప దాన్ని ఎవరూ తాకకూడదు. అమ్మ కూడా బిందెలో నీళ్లు చూసుకునే బొట్టు పెట్టుకునేది. చిన్నప్పుడు ఒకసారి నేను దాంతో గోడ మీద ఎండను ఆడిస్తే నా వీపు చిట్లిపోయింది. తర్వాత సర్కారు నాకు జీతమిచ్చి అదే పని చేయించింది. తలరాత అంటే అట్లా ఉంటుంది.

గుడికి ఇవతల గుడారాలు వేశాం. కూరగాయలు, పాలు, సామాను మోసే గాడిదలకు చొప్ప బండి మీద వచ్చేవి. అద్దం పని మొదలైన నాలుగు రోజులకు రెండో విడత బండి తోలుకొచ్చింది ఎవరనుకున్నారు? మా పక్కింటి మామే. నన్ను చూసి పగ్గాలు వదిలేశాడు.

"ఓరి నీ! నువ్వా ఆ కొండ మీద మెరిపిస్తాండేది?"

"నేనే మామా. డ్యూటీ."

"ఊరంతా రంగనాయకుడు కొండెక్కినాడని టెంకాయలు కొడతాంటే! పూజారి గూడా అవునన్నాడు. నేనూ రెండు కొట్టినా."

అవతలి గట్టును వెతికేటప్పుడు మా వెలుగు ఊళ్ల మీదుగా ఊగుతుంది. అది చూసి వాళ్లు దండాలు పెట్టుకున్నారు. అది దేవుడు కాదంటే ఇప్పటికీ ఒప్పుకోరు. నవ్వి నవ్వి నా కళ్లలో నీళ్లొచ్చాయి.

మామ నవ్వలేదు. "మీ నాయన ఒక్కడే నమ్మలా. 'దేవుడైతే అన్నం యాళకు దిగిపోతాడా? అది అద్దం. నేను దినామూ చూసేదే' అన్నాడు. నువ్వని ఎవురికి తెలుసు?"

"ఒంట్లో బాగుందా ఆయనకు?"

"బాగానే ఉండాడు. మాటలే తక్కువ. నీ పేరెత్తితే లేసి పోతాడు."

రెండు కట్టల చొప్ప తీసి గాడిదల ముందు వేశాను. తర్వాత మామను పక్కకు పిలిచాను. "అమ్మకు చెప్పు మామా. బేస్తవారం మా ఆఖరి పని. పొద్దు వాలినాక మిద్దెక్కి కొండ దిక్కు చూడమను. నా వెలుగు కనపడితే కంచం ఎండలో తిప్పమను. అంతే. నాయనకు చెప్పొద్దు."

"మీ యమ్మ మోకాళ్ల నొప్పుల్తో మిద్దెక్కితే ఆయన చూడడా? పిచ్చోడా!" అంటూనే మామ బండెక్కాడు. మళ్లీ వచ్చినప్పుడు నా చేతిలో ఒక ముంత పెట్టాడు. వాసన చూశాను. గోంగూర పచ్చడి. వెల్లుల్లి దండిగా వేసింది. కబురు అందిందన్నమాట.

బేస్తవారం తెల్లవారకముందే బయలుదేరాం. నలుగురం. హవల్దారు, నేను, ఎలుగుబంట్ల కోసం రైఫిలు పట్టిన సిపాయి, దారి చూపే చెంచు పెద్దాయన. ఒక్కొక్కరికి నీళ్ల సీసా, రొట్టెలు, కంబళి. అద్దాల పెట్టె, స్టాండు నా మీద. వెదుళ్ల మధ్య నుంచి ఎక్కుడు. మంచుకు రాళ్లు జారుతున్నాయి. బూట్ల కింద తునికాకు చప్పుడు. పెద్దాయన బయలుదేరేటప్పుడే ఒక మాట చెప్పాడు. "పొద్దు గూకకముందే దిగి గుండం దాటాల. ఆ తర్వాత ఆడ మనుషులు ఉండకూడదు. సామి యాళ."

"సామికి సెల్యూట్ కొట్టి ముందే దిగిపోతాం" అన్నాడు హవల్దారు. ఆయనది విజయనగరం అవతల. నోరు తెరిస్తే వెటకారం. మనసు మాత్రం వెన్న.

మొదటి గట్టు ఎక్కేసరికి ఎండ వచ్చింది. పడమరకు చూస్తే కొండ వెనక కొండ, అంతా అడవే. తూర్పున గిద్దలూరు వైపు రైలు పొగ పాకుతోంది. ఒక అద్దంతో పని మొదలుపెట్టాం. పొద్దు నడినెత్తికి వచ్చాక అవతలి గట్టు నుంచి రెండు మెరుపులు వచ్చాయి. రెండంటే విరామం. గుండానికి దిగాం.

నీళ్లు రాతి మీంచి విరుచుకుపడుతున్నాయి. బూట్లు విప్పి కాళ్లు పెడితే ప్రాణం లేచొచ్చింది. రొట్టెలో అమ్మ పచ్చడి పెట్టుకుని తిన్నాను. మొదటి ముద్దకే ఏడుపొచ్చింది. సిపాయి చూస్తాడని పోయి ధార కింద తల పెట్టాను.

హవల్దారు గట్టున కూర్చుని అడిగాడు. "ఈ నీల్లు ఎటెల్తాయిరా?"

"గుండ్లకమ్మలో పడి కంభం చెరువుకు."

"అంటే మీ ఊరి దిక్కే."

"ఆఁ, ఆ దిక్కే."

"నీల్లకి సెలవు దొరికింది గానీ నీకు దొరకలేదు" అన్నాడు. తర్వాత తన రొట్టె కూడా నాకే ఇచ్చాడు.

మధ్యాహ్నం రెండో శిఖరం. ఇది నిలువు ఎక్కుడు. పైన బల్లపరుపు రాయి, గాలి. మైదానం మొత్తం కింద పరుచుకుని ఉంది. కంభం చెరువు మిలమిలలాడుతోంది. చెరువుకు ఇవతల ఎర్రచేలు, పచ్చజొన్న. మా ఊరి ఇళ్లు కనపడలేదు. తాటిచెట్ల వరస, కుంట కట్ట నల్లగీత కనపడ్డాయి. అవి చాలు. ఆ కట్ట మీద నేను ఎడ్లను కడిగాను.

సూర్యుడు వెనక్కి తిరిగాడు. రెండో అద్దం బిగించి వెలుగును ఆఫీసరు గట్టు మీద నిలిపాను. చేతులు పనిలోనే ఉన్నాయి గానీ కళ్లు తాటిచెట్లను వదల్లేదు. అవతలి నుంచి మూడు మెరుపులు వచ్చాయి. పని ముగిసింది, కట్టేయండి అని.

హవల్దారు లేచి పంచె కట్టుకున్నవాడిలా ప్యాంటు దులుపుకున్నాడు. కంచం సంగతి ఆయనకు తెలుసు. మామే చెప్పాడట. "కట్టెయ్యమన్నారు. ఎంత సేపట్లో కట్టాలో సెప్పలేదు. నేనటు తిరిగి సుట్ట కాల్సుకుంటాను. అది అయ్యేలోగా నీ పని కానీ."

స్టాండు తిప్పాను. తాటిచెట్లకు గురిపెట్టి అద్దాన్ని కొద్దికొద్దిగా ఊపాను. ఏమీ లేదు. మళ్లీ ఊపాను. మామ తప్పు రోజు చెప్పాడేమో, అమ్మ నిచ్చెన ఎక్కలేకపోయిందేమో అని నూరు ఆలోచనలు. ఉన్నట్టుండి పసుపుపచ్చగా ఒక మినుకు. వణికింది. పోయింది. మళ్లీ వచ్చి వణికింది. కంచు కంచం వెలుగు అట్లాగే ఉంటుంది. "అమ్మా!" అని అరిచాను, పది మైళ్లకు వినపడుతుందన్నట్టు.

తర్వాత ఆగిపోయింది. చాలాసేపు ఏమీ లేదు. నాయన చూశాడు, అమ్మను కిందికి దింపేశాడు అనుకున్నాను. నాకింక ఇల్లు లేదనుకున్నాను.

అప్పుడు అదే చోట తెల్లగా వెలిగింది. సూదిమొనలా. కదలలేదు.

ఆ పాటికి చుట్ట పారేసి హవల్దారు నా పక్కకు వచ్చాడు. దుర్భిణి కంటికి పెట్టాడు. "ఇది కంచం కాదురా. అద్దం. పట్టినోడికి సెయ్యి వణకట్లేదు సూడు."

నా వెలుగును ఆ చుక్క మీదికి తిప్పి నిలిపాను. మా ఇంట్లో అద్దం ఒక్కటే.

ఎంతసేపు అట్లా ఎదురెదురుగా వెలిగామో నాకు తెలియదు. చెంచు పెద్దాయన వచ్చి భుజం తట్టాడు. "పొద్దు పోతాంది నాయనా. దిగాల." అద్దాలు ఊడదీసి, గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టాను. చేతులు రాలేదు, అయినా పెట్టాను. దిగే దారిలో ఒక మలుపు ఉంది. అక్కడ చెట్లు పలచబడి మైదానం మళ్లీ కనపడుతుంది. వెనక్కి చూశాను. కింద చేలన్నీ నీడలో పడ్డాయి. మా ఊరి మిద్దెల మీద కాస్త ఎండ మిగిలింది. ఆ ఎండలో తెల్లచుక్క ఇంకా అట్లాగే ఉంది. శిఖరం మీద మాత్రం ఎవరూ లేరు.

"నడవరా" అన్నాడు హవల్దారు, మెల్లగా.

మర్నాడే రైలు. తర్వాత రెండేళ్లు సరిహద్దు, మంచు, రేషను డబ్బాలు. రాత్రి కాపలాలో నిద్ర ఆగకపోతే ఆ మలుపును తలుచుకునేవాణ్ణి. నిద్ర ఎగిరిపోయేది.

సెలవు దొరికింది. గిద్దలూరులో దిగి బస్సెక్కి, ఆ పైన నడిచి, పొద్దున్నే ఇంటి ముందు నిలబడ్డాను. నాయన పంచలో ఉన్నాడు. జుట్టు మొత్తం నెరిసింది. మోకాళ్ల మీద నామాల పెట్టె, చేతిలో అద్దం. గడప దగ్గర ఆగాను. అద్దంలోంచి చూశాడు. నామం దిద్దే పుల్ల నుదుటి మీద ఆగింది.

"ఏందట్ల నిలబడినావు? ఎండకు అడ్డమొస్తాండావు. బూట్లు ఇడిసి లోపలికి పో."

గడప దాటాను. అంతే. ఇంతకు మించి మా ఇద్దరి మధ్య పంచాయితీ ఏమీ జరగలేదు.

అమ్మ అన్నం పెడుతూ చెప్పింది. ఆ రోజు ఆమె కంచం తిప్పలేక అవస్థ పడుతుంటే ఆయన కింద నిలబడి చూశాడట. లోపలికి పోయి, పెట్టె తెరిచి, అద్దం తీసుకుని నిచ్చెన ఎక్కాడట.

"'అవతలికి జరుగు, కంచం యాడ కనపడతాది' అన్నాడు. అద్దం ఎత్తి పట్టుకున్నాడు. కొండ మీద ఆరిపాయ. వాడు పోయినాడు, దిగయ్యా అంటిని. దిగితేనా!"

"ఏమన్నాడు?"

అమ్మ పంచ దిక్కు చూసి గొంతు తగ్గించింది. "'వాడు దిగే దావలో ఉంటాడు. ఎనక్కి తిరిగి చూస్తాడేమో' అన్నాడు. పొద్దు పూర్తిగా మునిగిందాక పట్టుకునే ఉన్నాడు."

నీళ్లు తాగి, పంచలోకి వినపడేలా గట్టిగా అన్నాను. "చూసినా నాయనా. మలుపు కాడ."

పంచలో దగ్గు వినిపించింది. పెట్టె మూసిన చప్పుడు వినిపించింది.

నాయన పోయి చాలా ఏళ్లయింది. అద్దం నా దగ్గరే ఉంది, అంచు పెచ్చులూడింది. సరిహద్దులో చూసినవి చాలావరకు మరిచిపోయాను. కళ్లు మూసుకుంటే మాత్రం చేలన్నీ నీడలో పడ్డాక, ఒక మిద్దె మీద, ఎవరూ లేని కొండకేసి పట్టుకున్న ఆ తెల్లచుక్క కనపడుతుంది.