ఖాళీగా ఉండే ఆడవాళ్ల ఊరు

వినాయక చవితి వెళ్లిన తర్వాతి ఆదివారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నాకు కోపం వచ్చింది. గోడ గడియారం చూసే చెబుతున్నాను. పదకొండుకు వస్తామన్నవాళ్లు కాస్త ఆలస్యంగా వచ్చి, చెప్పులు బయట విడిచి, మంచినీళ్లు తాగి, నా చేతికి నాలుగు కాగితాలు ఇచ్చారు. రెండో కాగితం సగం చదివేసరికి ఆ టైమయింది. చోటు, సింగపూర్‌లోని టాంపినీస్‌లో మా అమ్మాయి ఫ్లాట్, తొమ్మిదో అంతస్తు. కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను.

ఆ కాగితాల్లో ఉన్నది మా ఊరు. పల్లె అనడానికి పెద్దది, పట్నం అనడానికి చిన్నది. ఒక బస్టాండు, ఒక ఠాణా, గురువారం అంగడి, మూతబడి పెళ్లిళ్ల హాలుగా మారిన సినిమా టాకీసు. కండక్టరు దగ్గర చిల్లర తీసుకునేలోపు ఊరు దాటిపోతుంది. నిజామాబాదు దిక్కు పోయిన వాళ్లకు అలాంటి ఊళ్లు బోలెడు కనబడతాయి.

కాగితం తయారు చేసిన అబ్బాయి మా వాడకట్టు పిల్లవాడే. నలభై దాటాయి, ఇక్కడే పాయా లేబర్ అనే పేటలో ఒక కంపెనీలో మేనేజరు. ఆ కంపెనీ ఏటా ఏదో ఒక చిన్న ఊరికి మేలు చేస్తుందట. ఈసారి మా ఊరికి చేయించాలని, ఊళ్లో ఎంతమంది ఉన్నారు, ఏం చేసి బతుకుతారు అన్నీ రాసుకుని, తల్లినీ భార్యనూ వెంటబెట్టుకుని వచ్చాడు. ఆడవాళ్లకు కుట్టు మిషన్ల కేంద్రం అడుగుతున్నాడు. కాగితం సోమవారం పొద్దున ఆఫీసులో ఇవ్వాలి. ఇంగ్లీషుది కంపెనీకి, తెలుగుది పంచాయతీకి. తెలుగు సరిచూడమని మా అమ్మాయిని అడిగాడు. "అమ్మకియ్యి, నాకంటే మంచిగ సదువుతది" అన్నది మా అమ్మాయి.

అన్న మాట నిజమే. నేను అరవై దాటాక చదవడం నేర్చుకున్నాను. మనవరాలిని శనివారాలు బెడోక్‌లో తెలుగు తరగతికి బస్సులో తీసుకుపోయేదాన్ని. రెండు గంటలు బయట ఏం చేస్తానని వెనక బెంచీలో కూర్చున్నాను. మనవరాలు ఇక్కడి యాసలో "బోరింగ్ లా, అమ్మమ్మా" అని రెండేళ్లకు మానేసింది. నేను మానలేదు. ఆరేళ్ల పిల్లల మధ్య, మోకాళ్లు పట్టని బల్ల కింద కాళ్లు ముడుచుకుని ఒత్తులు దిద్దాను. అందుకే ఏది చదివినా మెల్లగా చదువుతాను, ఒక్క మాట వదలను.

మొదటి కాగితంలో ఉంది: "ఊరిలో పురుషుల కంటే స్త్రీలు ఎక్కువ. ఆడపిల్లల పట్ల ప్రజలకున్న ఆదరణకు ఇది నిదర్శనం." ఇక్కడ నవ్వొచ్చింది. మగవాళ్లు ఊళ్లో ఉంటే కదా లెక్కకు దొరికేది. దుబాయికి కొందరు, మస్కట్‌కు కొందరు, మిగిలినవాళ్లు వీసా కోసం ఏజెంటు ఇంటి ముందు. మా వాడకట్టులో రాత్రి కుక్క అరిస్తే కట్టె పట్టుకుని బయటికి వచ్చేది ఆడవాళ్లే. దానికి ఆదరణ అని పేరు పెట్టాడు.

దాని కిందే సింగపూర్‌లో మా ఊరివాళ్లు నాలుగు కుటుంబాలని ఉంది. ఫ్లాట్లలో ఉన్నవాళ్లు నాలుగు కుటుంబాలు. మరి మా బ్లాకు కింద మిషన్‌తో గడ్డి కోసే మనిషి? ముఖానికి గుడ్డ చుట్టుకుని ఉంటాడు, ఎవరో తెలియదు. ఒకరోజు నేను అడ్డం పోతుంటే మిషన్ ఆపి, "అవ్వా, జర అటు జరుగు, రాయెగిరి తాకుతది" అన్నాడు. ఆ మాట వినగానే అర్థమయింది, ఎవరి బిడ్డవని అడిగాను. మా ఊరు, పెద్ద కాలువ అవతలి వాడ. నా కంటే ముప్పై ఏళ్లు చిన్న, ఇంటికి పోయి మూడేళ్లయిందట. వాళ్లు పదకొండు మంది ఒకే గదిలో ఉంటారట, అందులో ముగ్గురు మా ఊరివాళ్లే. ఊళ్లో లెక్కలు రాసేటప్పుడు వాళ్లు అక్కడ లేరు. ఈ అబ్బాయి రాసిన లెక్కలో ఇక్కడా లేరు.

అంతవరకు ఓర్చుకున్నాను. రెండో కాగితంలో ఇది వచ్చింది: "కొద్దిమంది వృద్ధ మహిళలు తీరిక వేళల్లో బీడీలు చుడతారు. మిగిలిన మహిళలు ఇంటిపట్టున ఖాళీగా ఉంటారు. వారికి ఉపాధి చూపించవలసిన అవసరం ఎంతైనా ఉంది."

"ఇది ఎవలు రాసిన్రు బిడ్డా?" అని అడిగాను.

"నేనే ఆంటీ. ఏమన్న తప్పు పోయిందా?"

"మీ అమ్మను అడుగు."

వాళ్లమ్మ అతని పక్కనే సోఫాలో కూర్చుని ఉంది. నాకు చెల్లెలి వరస. ముప్పై ఏళ్లు ఇద్దరం ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చేశాం. ఆమె బీడీల చాట ముట్టి పదేళ్లయింది. అయినా ఆ రోజు మేం మాట్లాడుతున్నంతసేపూ చీర కొంగు అంచును బొటనవేలితో, చూపుడువేలితో చుడుతూనే ఉంది, విప్పుతూనే ఉంది. కొడుకు అది చూడడు. నేను చూశాను.

ఖాళీ అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. రాత్రి తునికాకు నానబెట్టి తడి గోనెలో చుట్టి పెట్టాలి. తెల్లవారుజామున ఇనుప రేకు పెట్టి ఆకు కత్తిరించాలి. పిల్లలు బడికి పోయాక చాట ఒళ్లో పెట్టుకుంటే, ఆకులో చిటికెడు తంబాకు పోసి, చుట్టి, గోరుతో మూతి మడిచి, దారం కట్టి, పక్కన పెట్టి, మళ్లీ ఇంకొక ఆకు. వెయ్యి అయ్యేదాకా అంతే. అన్నం ఉడుకుతున్నా చాట ఒళ్లోనే, జ్వరమొచ్చినా ఒళ్లోనే. సాయంత్రం కార్ఖానాకు పోతే అక్కడివాడు కట్టలోంచి నాలుగు తీసి చూసి, నచ్చకపోతే కట్టంతా విరిచి పారేస్తాడు. వాడు విరిచినవాటికి ఆకూ తంబాకూ మళ్లీ మనమే తెచ్చుకోవాలి. ఊళ్లో వర్షం పడ్డా పడకున్నా అంగడి సాగిందంటే దీనివల్ల సాగింది. గల్ఫుకు పోయినవాడు మొదటి రెండేళ్లు ఏమీ పంపలేకపోతే ఇల్లు నడిచింది దీనివల్లనే. పాయా లేబర్ మేనేజరు చదివిన కాలేజీ కూడా దీనివల్లనే. ఆ మాట అతని ముఖం మీదే అన్నాను.

అతను కంప్యూటరు మూత సగం వేసి, "ఆంటీ, ఇవి నేను పుట్టించిన లెక్కలు కావు" అన్నాడు. "సర్కారోళ్లు ఇంటింటికి తిరిగి రాసుకున్నయి. మీరు ఏం చెప్తే గదే రాసుకున్నరు."

"మీరంటే ఎవలు?"

"మీరే పెద్దమ్మా. మా అమ్మ, మీరు, వాడకట్టు అందరు."

కోపమొస్తే ఆంటీ పోయి పెద్దమ్మ వచ్చింది. కానీ అతను చెప్పింది నిజం.

మా ఇంట్లో బీడీలు చేసేవాళ్లం ముగ్గురం. అత్త, నేను, నా తోడికోడలు. బీడీ కంపెనీ ఇచ్చే పని కార్డు మాత్రం ఒక్కటే, అత్త పేరు మీద. మా ఊళ్లో ఏ ఇంట్లో చూసినా అంతే. కొత్త కార్డులు ఇయ్యరు, ఉన్న కార్డు మీదే ఇంటిల్లిపాదీ చేయాలి. ఒకరి కార్డు మీద ఇంకొకరు చేయడం తప్పట. అందుకని మాకు ఆకూ తంబాకూ ఇచ్చే టేకేదారు ముందే చెప్పి పెట్టేవాడు, ఎవరొచ్చి అడిగినా కార్డున్నామె ఒక్కతే చేస్తుందనాలి, లేకపోతే కార్డు గుంజుకుంటారు అని. మా అత్త కంటి చూపు పోయి ఎనిమిదేళ్లు మంచం మీద ఉంది. కార్డులో మాత్రం ఆ ఎనిమిదేళ్లూ రోజూ వెయ్యి బీడీలు చేసింది.

జనాభా లెక్కలకు బడి సారు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పెద్ద పుస్తకం పట్టుకుని గడపలో నిలబడ్డాడు. నేను చాటను మంచం కిందికి తోశాను. ఒళ్లంతా తంబాకు పొడి, దులుపుకునే టైము లేదు. అత్త మంచంలోంచే, "కార్డు నాది, బీడీలు నేనే చేస్త" అన్నది. కోడళ్లో అని అడిగాడు సారు. "ఏం చేస్తరు సార్, ఇంట్లనే ఉంటరు" అన్నది. సారు నావైపు తిరిగి అడిగాడు. "అవును సార్, ఏం పని చెయ్య" అన్నాను. ఆ తంబాకు ఘాటుకు సారు రెండుసార్లు తుమ్మాడు. రుమాలుతో ముక్కు తుడుచుకుని, పని లేదు అని రాసుకుని పోయాడు.

తుమ్మినవాడికి తెలియదా? తెలుసు. అతని భార్య కూడా చేసేది.

అలా వాడ వాడంతా అత్తలు పని చేసేవాళ్లయ్యారు, కోడళ్లం ఖాళీ అయ్యాం. ఆ లెక్కలు చూసి ఈ అబ్బాయి, ఊళ్లో ముసలివాళ్లే బీడీలు చేస్తున్నారు, అదీ తీరిగ్గా, అనుకున్నాడు. అత్త పోయాక కార్డూ పోయింది. నేను ఆ పని చేసినట్టు ఈ భూమ్మీద ఒక్క కాగితం లేదు.

ఇదంతా గదిలో అందరి ముందూ చెప్పాను. మనవరాలు చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "సో యూ లైడ్ టు ద గవర్నమెంట్, అమ్మమ్మా? కెన్ గో జైల్ వన్, యూ నో" అన్నది. వాళ్లమ్మ దాన్ని కసిరింది. నేను కసరలేదు. అబద్ధమే చెప్పాను, భయపడి చెప్పాను. ఆ భయం పెట్టినవాడిని ఎవరూ ఏమీ అడగలేదు. అదీ నా కోపం. ఇంత బతుకు బతికి నేనూ అడగలేదు, అది ఇంకా పెద్ద కోపం.

అబ్బాయి మెల్లగా అసలు సంగతి చెప్పాడు. బీడీ అంటే పొగాకు, పొగాకు అంటే కంపెనీవాళ్లు మొహం తిప్పుకుంటారు, కుట్టు మిషన్లయితే ఫొటో బాగుంటుంది, అందుకే ఒక్క ముక్కలో తేల్చేశాను అన్నాడు. చెబుతూ చెబుతూ భార్యవైపు ఓరగా చూశాడు. ఆమెది రాజమండ్రి దిక్కు, పెద్ద చదువుల కుటుంబం. అమ్మ ఊళ్లో కిరాణా కొట్టు చూసుకునేదని పెళ్లప్పుడు వాళ్లకు చెప్పి పెట్టాడని అప్పుడు తెలిసింది నాకు.

ఆ పిల్ల గ్లాసు కింద పెట్టి, "నాకు తెలుసండీ. పెళ్లయిన నెలకే అత్తయ్యగారు చెప్పారు" అన్నది. "ఊళ్లో కొట్టు ఏ పక్కనండీ అని అడిగితే నవ్వి చెప్పేశారు. మీరెప్పుడు చెబుతారా అని చూస్తున్నాను."

పన్నెండేళ్లుగా చూస్తోందట. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. అబ్బాయి ముఖం చూస్తే నాకు జాలి కూడా వేసింది, కానీ అప్పుడు జాలిపడితే పని కాదు.

అప్పుడు అబ్బాయి తల్లి కొంగు వదిలేసింది.

"రాయి కొడుకా. మీ అమ్మ బీడీలు చేసిందని రాయి. కార్డు లేకుంట చేసిందని గూడ రాయి. ఎవలు సదువుతె ఏంది?" అన్నది. "మిషన్లు తెచ్చి ఇస్తవు, మంచిదే. ఏ యాళ్ల కూసోవాల్నో చెప్పు. పొద్దంత చాట ఒళ్లె ఉన్నదానికి మిషను ఏడ పెట్టుకోమంటవు?"

"మరి ఏం అడగమంటవే?"

"డాక్టరును అడుగు. కండ్లు, నడుము, దమ్ము సూసేటోన్ని. వారానికొక్కసారి అంగడినాడు అచ్చినా సాలు."

అతను కంప్యూటరు తెరిచి, అక్కడే కూర్చుని, కుట్టు కేంద్రం తీసేసి డాక్టరును రాశాడు. ఖాళీగా అన్న మాట కొట్టేసి, ఊరి ఆడవాళ్లలో ఎక్కువమంది బీడీలు చేస్తారు, కార్డు ఇంటికి ఒకరికే కాబట్టి లెక్కల్లోకి రాలేదు అని రాశాడు. రాజమండ్రి పిల్ల దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. సర్కారు లెక్కలున్న పేజీని మాత్రం ముట్టుకోనన్నాడు, అవి మార్చితే మొత్తం కాగితమే చెల్లదట. అయితే తను రాసినదానికి ఆధారమేమిటని కంపెనీవాళ్లు అడుగుతారు అన్నాడు. నేను నా చేతిలోని కాగితాన్ని వెనకవైపుకు తిప్పి పెన్ను అడిగాను. బడి సారు రాసినట్టే రాశాను, మనిషి, ఎదురుగా ఆ మనిషి చేసే పని. అరగంట పట్టింది. ఎవరూ తొందర పెట్టలేదు. అతను దాన్ని ఫోనుతో ఫొటో తీసి జత చేశాడు. కంపెనీ నుంచి ఇంకా జవాబు రాలేదు. డాక్టరు ఫొటోలో బాగుంటాడో లేదో నాకు తెలియదు.

అసలు కాగితం నా దగ్గరే ఉంది. దాని మీద రాసినవాళ్లు, ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లు, వీళ్లు.

మా అమ్మాయి. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. చిన్నప్పుడు బడికి పోయే ముందు నా పక్కన కూర్చుని బీడీలకు దారం కట్టేది, అదీ రాశాను. మనవరాలు, సెకండరీ త్రీ, అంటే మన తొమ్మిదో తరగతి చదువుతోంది. మా వాడకట్టు అబ్బాయి, కంపెనీలో మేనేజరు. అతని భార్య. ఏం రాయమంటావని అడిగితే "నేనేం చెయ్యనండీ, ఇంట్లోనే ఉంటాను" అన్నది. ఆ మాట నేను రాయలేదు. వంట, ఇద్దరు పిల్లల చదువు, అత్తగారి మందులు అని రాశాను. అతని తల్లి, బీడీ కార్మికురాలు, కార్డు లేదు. నేను, బీడీ కార్మికురాలిని, కార్డు మా అత్తది.