దొర గడ్డం కుంచె

ముప్పై ఏళ్లు నిండకముందే నా తలమీది వెంట్రుకలు ఒక్కొక్కటే నాకు చెప్పకుండా వెళ్లిపోయాయి. ఊళ్లోవాళ్ల వెంట్రుకలమీద నాకు మోజు పుట్టింది అప్పట్నుంచేనని మా ఆవిడ కామాక్షి అంటుంది. చదువు సంగతీ అంతే. మూడో తరగతిలో నేను బడి మానేశానంటారు గానీ, నన్ను వదిలించుకుని బడే ఊపిరి పీల్చుకుంది.

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఫలానా ఇంట్లో దెయ్యం ఉందని ఎవరైనా అంటే, అద్దె ఎంతిస్తోందని అడిగే రకాన్ని. ఇది చదివి మీరూ నన్ను అలాగే ఆట పట్టించవచ్చు. నేనేమీ అనుకోను.

ఐరోపాలో పెద్ద యుద్ధం ముగిసిన తర్వాతి రోజులవి. నేను పుదుచ్చేరి బట్టల మిల్లులో ఫిట్టర్ని. ఇల్లు రెడ్డియార్‌పాళయంలో. కాలువకు అవతల తెల్లవాళ్ల వీధుల్లో ఒక దొర ఓడెక్కినా, కన్ను మూసినా, ఇంటి సామాను వేలానికి వచ్చేది. బీరువాలూ నిలువుటద్దాలూ గొప్పవాళ్లు పాడుకునేవాళ్లు. మిగిలిన చెత్త ఆదివారం సంతలో గోనెపట్టా మీదికి చేరేది. ఆ చెత్తలో నా వాటా గడ్డం కుంచెలు.

గడ్డానికి సబ్బు నురగ పూసుకునే ఆ కుంచెలంటే నాకు పిచ్చి. పాత లక్క కరిగించి వెంట్రుకల కుచ్చును పిడిలోంచి ఊడదీస్తాను. కుంకుడు రసంలో నానబెట్టి, దువ్వి, పట్టుదారంతో మళ్లీ బిగించి కడతాను. కొమ్ము పిడిని బూడిదతో తోమి, కొబ్బరినూనె పట్టిస్తే మొహం కనిపిస్తుంది. తర్వాత నా గడ్డం మీదే పరీక్ష. అప్పటికి పద్నాలుగు కుంచెలు పూజగూట్లో దేవుళ్లలా వరసగా నిలబెట్టుకున్నాను.

పదిహేనోది కాగితం పొట్లంలో దొరికింది. నల్లకొమ్ము పిడి, దాని మెడకు సన్నటి దంతపు కడియం. కుచ్చు విడిగా ఉంది, కట్టుదారం తెగి ఉంది. చివికి తెగలేదు. కత్తితో కోసినట్టు నున్నగా తెగింది. ఇంత మంచి సరుకును పాడుచేసిన మూర్ఖుడెవడా అని నవ్వుకున్నాను. నా పనితనమంతా చూపించి మూడు చుట్లు ఎక్కువే వేసి కట్టాను.

మొదటిరోజు గడ్డం గీసుకుని గిన్నెలోకి చూస్తే, నురగలో తెల్లటి గడ్డం ముక్కలు తేలుతున్నాయి. నాది బట్టతలే గానీ గడ్డం బొగ్గులా నల్లన.

కుంచె వెంట్రుకలే విరుగుతున్నాయనుకున్నాను. కడిగి, వేడినీళ్లలో ముంచి, ఎండలో పెట్టాను. మర్నాడు మళ్లీ అవే. ఆ ముక్కలను గుడ్డమీద ఆరబెట్టి, మిల్లులో నూలు పరీక్షించే భూతద్దం కింద చూశాను. కుంచె వెంట్రుక కొనకు పోనుపోను సన్నబడుతుంది. ఇవి పొట్టివి, ముతకవి, రెండు కొనలూ మొద్దు. కత్తికింద తెగిన గడ్డమే.

వాసన మరీ రోత. తడి చేయగానే చల్లారిన చుట్ట వాసన, పులిసిన సారా వాసన, దాని వెనక నోరు కడగని ముసలివాడి ఊపిరి. ఒకరోజు నురగ పెదవి లోపలికి పోయింది. నాలుకమీద రెండు ముక్కలు గుచ్చుకున్నాయి. బావి దగ్గర కూర్చుని ఉమ్మి ఉమ్మి నోరెండిపోయింది. ఆ పూట అన్నంలో జీలకర్ర గింజ కనిపిస్తే కంచం అవతలికి నెట్టేశాను. కామాక్షి ఆ కుంచెను గడప దాటనివ్వలేదు. బయట మురుగుకాలవ గోడమీద పెట్టించింది.

మరి పారేయలేదేం అంటారా? పొగరు. నా చేతికి లొంగని కుంచె ఉండకూడదని పొగరు. అలా పదకొండు రోజులు గీసుకున్నాను. పదకొండో రోజు ఒక్క ముక్క కూడా రాలేదు, వాసనా లేదు. గెలిచాననుకున్నాను.

మర్నాడే మా తమ్ముడు మునుస్వామిని పెళ్లికొడుకును చేయడం. వాడికి ఇరవై రెండేళ్లు. అమ్మా నాన్నా లేరు, నేనే పెంచాను. అంతకుముందు రెండు సంబంధాలు ఊరికే తప్పిపోయాయి. ఇదీ తప్పితే ఇక పెళ్లి మాటే ఎత్తనని వాడు ఒట్టు పెట్టుకున్నాడు. పిల్లది బాహూరు. పిల్ల మేనమామ చెంగల్రాయుడు పొద్దున్నే నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి, పందిట్లో మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు.

మా మంగలి రంగయ్య పెద్దవాడు. నేను మామా అంటాను. పెళ్లికొడుక్కి చేతివేళ్లతో నీళ్లు తడిపి గీయడమే ఆయన పద్ధతి. ఆడపెళ్లివాళ్ల ఎదుట మా దర్జా చూపించాలని, ఆయన కత్తి నూరుకునేలోపు నేనే దొర కుంచెతో తమ్ముడి మొహమంతా నురగ పూసేశాను.

రంగయ్య ఎడమ చెంప గీసి కత్తిని గుడ్డకు తుడిచాడు. గుడ్డమీద తెల్లగడ్డం. ఒకటో రెండో కాదు, ముద్దగా, తడిగా, పసుపు పచ్చటి నురగతో. చుట్ట కంపు పందిరంతా పాకింది.

చెంగల్రాయుడు లేచి వచ్చి వంగి చూశాడు.

"ఏందయ్యా ఇది? పిల్లోడికి ఇరవై రెండంటిరే! ఈ నెరుపు యాడిది?"

"సబ్బండీ, సబ్బు," అన్నాను.

"సబ్బుకు గడ్డం మొలుస్తాదా? ముసిలోడికి మసి పూసి మా పిల్ల మెడకి కడదామనుకున్నారా? లేయండ్రా, బండి కట్టండి!"

తమ్ముడు ఒక చెంప నురగతో, ఒక చెంప నెత్తురు చుక్కతో నావైపు చూశాడు. ఆ చూపుకు నాలో ఉన్న హాస్యమంతా చచ్చిపోయింది.

అడ్డుపడింది రంగయ్యే. "రాయుడూ, రవ్వంత ఉండు. బండి యాడికీ పోదు," అని కొత్త నీళ్లు తెప్పించాడు. తమ్ముడి మొహం మూడుసార్లు కడిగాడు. కుంచె ముట్టుకోకుండా, ఉత్త వేళ్లతో తడిపి కుడి చెంప గీశాడు. చెంగల్రాయుడి అరచేతిలోనే కత్తి తుడిచాడు. అంతా నలుపు. ఒక్క తెల్ల ముక్క లేదు. ఎడమ చెంపమీద మళ్లీ ఎదురుగీత గీసి చూపించాడు. అదీ నలుపే.

రాయుడు అరచెయ్యి ఎండకు పెట్టి చాలాసేపు చూసుకున్నాడు. "మరి ఆ తెల్లది యెవురిది?" అన్నాడు, గొంతు తగ్గించి.

రంగయ్య కుంచె తీసుకున్నాడు. దంతపు కడియం తిప్పి చూశాడు. కుచ్చును వేళ్లతో విడదీసి కట్టు చూశాడు.

"ఇది కట్టిందెవురు?"

నేనేనన్నాను.

"కోసింది నేను. రేవుకాడ దొర ఒకాయన పోతే, పెట్టెలో పెట్టేముందు ఆఖరు గడ్డం నేనే గీసినా. శవాన్ని ముట్టిన కుంచె బతికినోళ్ల మొహానికి రాకూడదని మా వాళ్లు కట్టు కోసి పారేస్తారు. కోసిన కట్టు మళ్లీ కట్టేంత తెలివిగలోడు ఊళ్లో ఉంటాడని నాకేం తెలుసు?"

మునుస్వామి పందిరి గుంజ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. నేను వాడి పక్కనే చేసుకున్నాను. శవం మొహం మీది కుంచెను పదకొండు రోజులు పెదవులమీద తిప్పుకున్నవాణ్ణి నేను.

తమ్ముడికి మళ్లీ నలుగు పెట్టి, మళ్లీ తలంటి పోశారు. చెంగల్రాయుడు చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు, బండి విప్పించాడు. పెళ్లి జరిగింది. రంగయ్య ఆ కట్టు మరోసారి కోసి, కుచ్చును కాల్చి, పిడిని పాతిపెట్టాడు. మిగిలిన పద్నాలుగింటినీ నేనే పొయ్యిలో వేశాను. ఏది ఎవరి మొహం చూసివచ్చిందో ఎవరికి తెలుసు? ఆ కాలిన వెంట్రుకల కంపు వారం రోజులు ఇల్లు వదల్లేదు.

తర్వాత నేను లెక్క కట్టి చూడకపోలేదు. శవానికి గీసిన గడ్డం కుచ్చులో ఇరుక్కుని ఉండవచ్చు, ఒప్పుకుంటాను. కానీ దొర పోయిన రోజు తెగింది ఒక్క మొహం గడ్డం. నేను రోజూ గిన్నెలోంచి పారబోసింది కలిపితే నాలుగైదు మొహాలకు సరిపోతుంది. అన్నిసార్లు కడిగి వేడినీళ్లలో ముంచాక అది ఎక్కణ్ణుంచి వచ్చింది? పదకొండో రోజు ఆగి, పెళ్లికొడుకు చెంపమీద ఎందుకు తిరిగివచ్చింది? మిల్లులో ఏ యంత్రం ఎందుకు మొరాయిస్తోందో చప్పుడు వినే చెప్పేవాణ్ణి, దీనికి మాత్రం ఈనాటికీ కారణం చెప్పలేను.

నెల తర్వాత రంగయ్య ముందు గడ్డానికి కూర్చున్నాను. ఉత్త నీళ్లు, ఉత్త వేళ్లు. కాస్త ధైర్యం వచ్చి కదిలించాను.

"ఏం మామా, అంత పెద్ద దొర, రోజూ గడ్డం గీయించుకోవడానికి నీ దగ్గరికి రాకుండా నా దగ్గరికొచ్చాడే! నా చెయ్యే మేలంటావా?"

రంగయ్య కత్తిని నా కుత్తికమీద ఆనించి ఆపాడు.

"మేలే నాయుడా, నేను కాదన్లా. పంచుకుందాంలే. చచ్చినోళ్లు నీకు, బతికినోళ్లు నాకు. ఇప్పుడు కదలకు, నువ్వింకా నా వాటాలోనే ఉండావు."