ఒకే నంబరుతో రెండు బోల్టులు

మహాన్‌టాంగో లోయలో ఎవరింట్లో పాత యుద్ధ తుపాకీ ఉన్నా, దాని గుట్టు చెప్పగలిగేది మెర్ల్ ఉమ్‌హోల్ట్స్ ఒక్కడే. జోళ్ల ఫ్యాక్టరీలో ముప్పై ఎనిమిదేళ్లు యంత్రాలకు పనిముట్లు చేసిన చెయ్యి ఆయనది. కర్ర కోశారా, గొట్టం పొట్టి చేశారా, దుర్భిణి బిగించడానికి కొత్తగా చిల్లులు వేశారా, ఏదైనా ఇట్టే పట్టేసేవాడు. నెలనెలా రెండో శనివారం ఫైర్ స్టేషన్ హాలులో తుపాకుల క్లబ్బు కలుస్తుంది. అందరూ ముందు సాసేజీలూ బక్‌వీట్ అట్లూ తిని, తర్వాత తెచ్చిన తుపాకీలు మెర్ల్ ముందు పెడతారు. ఆయన జేబులోంచి భూతద్దం తీస్తే కబుర్లు ఆగిపోయేవి.

హాలు గోడకు ఒక చెక్క పలక ఉంది. మెర్ల్ పట్టుకున్న దొంగ భాగాలన్నీ దాని మేకులకు వేలాడుతుంటాయి. ఒక్కోదానికీ ఒక ఎర్ర చీటీ, దాని మీద ఆ మోసం చేసినవాడి పేరు. ఆ పద్ధతి పెట్టింది మెర్లే. అక్కడ పేరెక్కినవాడు మళ్లీ ఆ గుమ్మం తొక్కేవాడు కాదు. చీటీ రాసేటప్పుడు మెర్ల్ మొహంలో కాస్త సంతోషం కూడా కనబడేది. ఇప్పుడు మెర్ల్ లేడు కదా అని ఆ మాట దాచడం దేనికి?

ఆయనకు అంత పేరు తెచ్చింది స్నేహితుడు వుడీ డైబ్లర్ తుపాకీ. వుడీ వాళ్ల అన్న అర్ల్ రెండో ప్రపంచ యుద్ధం నుంచి తెచ్చుకున్న జర్మన్ మౌజర్ అది. ఇంటికి ఓడ ఎక్కేటప్పుడు సైనికుల తుపాకీల నుంచి బోల్టులు, అంటే తూటాను లోపలికి తోసి మూసే ఇనుప గడియలు, ఊడదీసి ఒకే పీపాలో పడేశారట. దిగేటప్పుడు చేతికందింది తీసుకుపొమ్మన్నారట. తుపాకీకీ దాని అసలు బోల్టుకీ ఒకే నంబరు ఉంటుంది. అలా అర్ల్ తుపాకీ మీద 4471 ఉంటే, దానికి వచ్చిన బోల్టు మీద ఇంకేదో నంబరు ఉంది. ఇంటికొచ్చిన రెండేళ్లకే అర్ల్ ట్రాక్టరు కింద పడి చనిపోయాడు. అప్పటికి వుడీకి పదమూడేళ్లు. యుద్ధంలో అన్న ఎలా ఉన్నాడో, ఏం చూశాడో అడిగి తెలుసుకునే వయసు వచ్చేసరికి అన్న లేడు. పెద్దయ్యాక వుడీ ఏటేటా తుపాకుల పత్రికలో ఒకటే ప్రకటన వేయించేవాడు: "4471 బోల్టు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి రాయండి. అది మా అన్నది."

1969లో మెర్ల్ ఆ బోల్టు తెచ్చి వుడీ చేతిలో పెట్టాడు. ఒహాయోలో ఎవరో బల్ల మీద పోసిన పాత ఇనుములో దొరికిందన్నాడు. వుడీ ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు.

ఒహాయోలో దొరికింది మామూలు బోల్టు. మెర్ల్ తన షెడ్డులో కూర్చుని దాని నంబరు సానబట్టి చెరిపేసి, 4471 కొట్టాడు. జర్మన్ అంకెల్లా కనబడాలని అంకెలు కొట్టే తన పంచ్‌లను ఆకురాయితో అరగదీశాడు. స్నేహితుడి దిగులు చూడలేక చేశానని తనకు తాను చెప్పుకునేవాడు. అది సగం నిజం. ఎవరికీ దొరకనిది మెర్ల్‌కి దొరికిందని లోయంతా అనుకోవాలన్నది మిగతా సగం.

అనుకుంది కూడా. లేళ్ల వేట మొదలయ్యే సోమవారం నాడు వుడీ ఆ కథ చెప్పకుండా ఏ ఏడాదీ గడవలేదు. చెప్పినప్పుడల్లా మెర్ల్ తల వంచుకుని కాఫీ కప్పులోకి చూసేవాడు. అందరూ దాన్ని వినయం అనుకున్నారు.

1994 వసంతంలో వుడీ పోయాడు. ఆ ఏడు అక్టోబరులో క్లబ్బు కలిసిన శనివారం ఆయన భార్య ఫెర్న్ తుపాకీని బొంతలో చుట్టి హాలుకి తెచ్చింది. జిల్లా మ్యూజియానికి ఇచ్చేస్తుందట. బొంత విప్పి, తుపాకీ పక్కన రెండు బోల్టులు పెట్టింది.

"నెబ్రాస్కా నుంచి పార్సిల్ వచ్చింది, మెర్ల్. ఎవరో అమ్మాయి పంపింది. వాళ్ల నాన్న పోయాడట, ఆయన పెట్టెలో దొరికిందట. దీని మీద కూడా 4471 ఉంది. ఏది దొంగదో చూసి చెప్పు."

క్లబ్బు కార్యదర్శి గ్లెన్ పకపకా నవ్వాడు. "చూసేదేముంది ఫెర్న్? మనది మెర్ల్ పెద్దాయన తెచ్చిన బోల్టాయె. ఇంతకీ ఆ నెబ్రాస్కా ఘనుడి పేరేంటి? చీటీ రాసేస్తాను."

"ఆల్విన్ టీమన్."

గ్లెన్ ఎర్ర చీటీ మీద రాయడం మొదలుపెట్టాడు. మెర్ల్ భూతద్దం తీశాడు. చూడకముందే తెలుసు, అయినా చూశాడు. పార్సిల్లో వచ్చిన బోల్టు మీద అంకెలు పాత నలుపుతో కలిసిపోయి ఉన్నాయి. తను ఇచ్చినదాని మీద అంకెల చుట్టూ ఇనుము వెంట్రుకవాసి పల్లంగా ఉంది, రెండు నాలుగులకూ ఒకేలా కాలు విరిగి ఉంది. ఒక్కమాట అంటే చాలు, గండం గడిచిపోతుంది. చచ్చిపోయిన టీమన్ వచ్చి కాదనడు. మెర్ల్ భూతద్దం బల్ల మీద పెట్టాడు.

"ఆగు గ్లెన్. ఆ పేరు కొట్టెయ్."

"ఏం?"

"దొంగది మనది. నేనే చేశాను. ఆ నాలుగు అంకె కొట్టిన విరిగిన పంచ్ ఇంకా మా షెడ్డులోనే ఉంది."

"పరాచికాలాడకు పెద్దాయనా," అన్నాడు గ్లెన్. ఎవరూ నవ్వలేదు.

మెర్ల్ చీటీ లాక్కుని, టీమన్ పేరు కొట్టేసి, దాని కింద తన పేరు రాసుకున్నాడు. దాన్ని బోల్టుకి కట్టబోతుంటే ఫెర్న్ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు. దాన్ని గోడకి తగిలిస్తే నీ బరువు దిగిపోతుంది. నాకేం ఒరుగుతుంది? ముందు ఇది చదువు. ఇది కూడా పార్సిల్లోనే వచ్చింది."

వుడీ చేతిరాత. 1971 నాటి ఉత్తరం. మెర్ల్ నిలబడే పైకి చదివాడు.

"టీమన్ గారికి. పాత పత్రికలో నా ప్రకటన చూశానని, 4471 బోల్టు మీ దగ్గరే ఉందని, మా అన్నతో ఒకే ఓడలో వచ్చానని, ఆయన గురించి చెప్పాల్సినవి చాలా ఉన్నాయని రాశారు. అసలు బోల్టు రెండేళ్ల కిందటే నా స్నేహితుడు మెర్ల్ తెచ్చాడు. అతను అబద్ధమాడే మనిషి కాడు. అంటే ఆడుతున్నది మీరే. పోయినవాడి పేరు చెప్పి మోసం చేయడానికి మీకు సిగ్గుండాలి. మళ్లీ నాకు రాయకండి."

సిగ్గు అన్న మాట దాటాక తక్కింది గొణుగుతూ చదివాడు. తను చేసింది ఒక నంబరు మీది చిన్న అబద్ధమేనని పాతికేళ్లు సర్దిచెప్పుకున్నాడు. అర్ల్‌ని ఎరిగిన మనిషి గుమ్మం దాకా వస్తే, ఆ అబద్ధం అతని మొహాన తలుపు వేసింది. కూర్చోవాలనిపించింది, కానీ ఆ హాలులో కూర్చునే మొహం లేదు.

"బోల్టు ఎవరిక్కావాలి, మెర్ల్?" అంది ఫెర్న్. ఆమె గొంతులో కోపం కూడా లేదు. "అర్ల్ గురించి ఒక్క మాట చెప్పేవాడు దొరుకుతాడేమోనని వుడీ అన్నేళ్లు వెతికాడు. ఆ అమ్మాయికి రాయి. నీ చేత్తో రాయి."

ఆ సాయంత్రం మెర్ల్ మూడు కాగితాలు చింపి, నాలుగోదాని మీద రాశాడు. చేసింది చేసినట్టు ఒప్పుకున్నాడు. చివర ఒక్కటే అడిగాడు: మీ నాన్న ఎప్పుడైనా అర్ల్ డైబ్లర్ గురించి చెప్పేవారా?

రెండు వారాలకు జవాబొచ్చింది. మెర్ల్ దాన్ని తీసుకెళ్లి ఫెర్న్ వంటింట్లో బల్ల మీద పెట్టాడు. ఆమె చదివి మళ్లీ ఆయన వైపే జరిపింది.

"నాన్న రోజూ అర్ల్ కథలే చెప్పేవారని అమ్మ అనేదండి. మీ ఊరి నుంచి వుడీ గారి ఉత్తరం వచ్చాక మానేశారట. అప్పటికి నాకు నాలుగేళ్లు. ఒక్కటీ గుర్తు లేదు."