లడ్డు పంచిన చెయ్యి

తిరుపతి బస్టాండు దగ్గర లాడ్జిలో గదుల తాళాలిచ్చే యోగానందకు షుగరొచ్చి ఏండ్లయినా తీపి మింద యావ పోలేదు. రోజూ పొద్దున మీసం దువ్వుకొని, భార్య చంద్రకాంతమ్మ ముందర కూర్చొని, కండ్లు మూసుకొని వేలు చాపుతాడు. ఆమె సూదితో పొడిచి, నెత్తురుచుక్క మిషను పట్టీకి అంటిస్తుంది. అంకె చూసినాకే మాత్ర, ఆనెక టిఫిను. సామి ప్రసాదంతో షుగరెక్కదనేది ఆయన సిద్ధాంతం. అట్లాంటి మనిషి, ఒకనాడు కొండ దిగొచ్చిన చుట్టాలు లడ్డు తెస్తే, తుంచి వీధంతా పంచి, పలుకు గూడా నోట్లో వేసుకోకుండా చేతులు పంచెకు తుడుచుకొని వచ్చి కూర్చున్నాడు. మిషన్లో మూడువందల ఎనభై! "ఎంత మింగినావయ్యా?" అన్నది చంద్రకాంతమ్మ. "సామి మింద ఒట్టు, జీడిపప్పు గూడా ముట్టలేదే!" అన్నాడు. ఆమె నమ్మలా. నిజం చెప్పిన ఒక్కనాడూ ఇట్లయిందే అని దిగులుగా వేలు చూసుకుంటే, గోటి పక్కన లడ్డు పాకం మెరుస్తా ఉండాది. సబ్బుతో రుద్ది కడుక్కొని మళ్లా పొడిపించుకున్నాడు. నూటముప్పై! లడ్డు తిన్నోళ్ల ఇండ్లన్నీ తిరిగి ఆ అంకె చెప్పొచ్చినాడు.

ఆ గెలుపు వారం గూడా నిలవలేదు. మళ్లా అంకె పెరిగిన పొద్దు, "చెయ్యి కడుక్కోలేదులేవే" అంటా తొట్టి దగ్గరికి లేచినాడు. చంద్రకాంతమ్మ ఆయన మీసానికి అతుక్కున్న బూందీ పలుకును తేరిపార చూసి, నీళ్లచెంబు చేతికిచ్చింది. "ఈసారి చెయ్యిగాదు, మూతి కడుక్కో పో."