బాయిలర్ పక్కన కుర్చీ

సూర్యాపేటలో ఉంటూ అటు కోదాడ సిమెంటు ఫ్యాక్టరీలకు, ఇటు మిర్యాలగూడ రైస్ మిల్లులకు మీటర్లు బాగుచేస్తూ బండి మీద తిరిగిన రోజులవి. తెలంగాణ ఇంకా రాలేదు. ఎన్ని ప్రెషర్ మీటర్లు విప్పానో గానీ, నన్ను ఏడిపించింది మాత్రం మా మామ పనిచేసే మిల్లులోదే.

మామ, అంటే మా ఆవిడ నాన్న, మిర్యాలగూడలో బాయిలర్ ఆపరేటర్. మా నాన్నకంటే ఆయనతోనే నాకు చనువెక్కువ. నిచ్చెన ఎక్కితే పైన గుండ్రటి ముల్లు మీటరు ఉండేది. దాని లోపల కొడవలిలా వంగిన ఇత్తడి గొట్టం. ఆవిరి నిండితే అది నిటారుగా సాగాలని చూస్తుంది. ఆ కాస్త కదలికే పళ్లచక్రాల మీదుగా ముల్లును తిప్పుతుంది. మామ దాన్ని వేలితో తట్టి మరీ చూసేవాడు. తట్టకపోతే అది అబద్ధం చెబుతుందని ఆయన నమ్మకం.

ఆయన మోకాళ్ల నొప్పులు చూసి మా ఆవిడ నా ప్రాణం తోడేసింది.

"బాపు ఎన్నిసార్లని ఎక్కుతడు? కుర్చీల కూసోని సూసేటట్టు ఏదన్న పెట్టరాదు?"

మిల్లు సేటును ఒప్పించి, కింద కుర్చీ పక్కనే ఎర్రటి అంకెల డబ్బా బిగించి, పై నుంచి దానికి సన్నటి గొట్టం దింపాను. ఇందులో వంగేది పలుచటి స్టీలు రేకు. దాని వెనక అంటించిన తీగ కూడా రేకుతో పాటు సాగి, కరెంటును కొంచెం ఎక్కువ అడ్డుకుంటుంది. ఆ తేడానే అంకెగా కనబడుతుంది. కోదాడ ఫ్యాక్టరీల్లో ఇంకో రకం ఉండేవి. వాటిలో రెండు రేకుల మధ్య ఖాళీ ఎంత తగ్గిందన్నదే లెక్క. ఏ రకమైనా, ఒత్తిడికి లోపల ఏదో ఒకటి కదలాల్సిందే.

వారం తిరగకముందే సేటు పిలిపించాడు. ముల్లు ఏడు కిలోల ఒత్తిడంటే డబ్బా ఏడున్నర అంటోందట.

"కొత్త మిషన్ తప్పు సూపెడతదా? మీ మామకు కండ్లు ఆనుతలేవు గావచ్చు. బాయిలర్ కాడ వేరేటోన్ని పెడత" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నా పెళ్లికి ఎంతో ముందు నుంచీ ఆ బాయిలరే ఆయన లోకం. మామ మాత్రం చేతులు తుడుచుకుని మళ్లీ నిచ్చెన ఎక్కబోయాడు.

బాయిలర్ చల్లారేదాకా ఆగి, ఇద్దరినీ పిలిచి చూపించాను. ముల్లు సున్నా మీద ఉంది. డబ్బా మాత్రం అర కిలో చూపిస్తూనే ఉంది. కింద గొట్టం విప్పితే నీళ్లు కారాయి, అంకె సున్నాకు దిగింది. గొట్టంలో ఆవిరి చల్లబడి నీళ్లయి నిలిచింది. ఆ నీటి బరువు కూడా రేకు మీదే పడుతోంది. పైన ఉన్న ముల్లుకు ఆ బరువు లేదు. నీళ్లు తీసేద్దామంటే ఆవిరి వేడికి రేకు పాడవుతుంది. అందుకే గొట్టం మళ్లీ నింపి, ఆ అర కిలోను డబ్బాలోనే తగ్గించాను.

"అయితే మీ మామ సూసిందే కరెక్టన్నట్టు" అని సేటు ముగ్గురికీ టీ చెప్పాడు.

మళ్లీ ఆవిరి పెట్టాక రెండూ ఏడు దగ్గర కలిశాయి. అంతలో మా ఆవిడ మామ సెల్‌కు ఫోన్ చేసింది.

"నువ్వు పెట్టిచ్చిన మీటరు మంచిగనే ఉంది బిడ్డా. కుర్చీల కూసోనే సూస్తున్న" అన్నాడు మామ, నిచ్చెన మీద నిలబడి ముల్లు మీటరును వేలితో తడుతూ.