నీళ్లకు తొవ్వ తెలిసిన కాక

మొన్న బుధవారం పొద్దున మా పక్క క్వార్టర్ కాక పోయిండు. ఆయన గురించి తెలిసినోళ్లు నాలుగు ముక్కలు రాసియ్యమని, సంతాప సభల చదువుతమని కాలనీలో అడిగిండ్రు. నేను ఐదో తరగతి దాకనే చదివిన. రాత వంకర, తప్పులుంటయి, మన్నించుండ్రి. నలుగురిలో నిలవడి చెప్పే ధైర్యం లేక రాస్తున్న.

కాక బొగ్గుబాయిల పంపు నడిపి రిటైర్ అయిండు. కింద ఊరే నీళ్లను పైకి తోడే పని. నల్లా పైపు మీద చెయ్యి పెట్టి, ఇయ్యాల ట్యాంకు సగమే నిండిందనేటోడు. పోయి చూస్తే సగమే ఉండేది. ఎవరితోటీ మాట్లాడని నన్ను ఆటపట్టించేటోడు: "నీ గొంతు బాయి అడుగున వడ్డదా బిడ్డా? పంపు పెట్టి తోడాల్నా?"

నా బిడ్డకు నెలల పిల్లగ ఉన్నప్పుడే తల పెరుగుడు మొదలైంది. మెదడులో ఊరే నీళ్లు దిగే సన్నదారి మూసుకపోయిందన్నరు. తల నుంచి కడుపు దాక చర్మం కింద గొట్టం వేసిండ్రు. అది రెండుసార్లు పూడితే రెండుసార్లు మార్చిండ్రు. నాలుగో ఏట మళ్ల వాంతులు, మత్తు. ఇక్కడి దవాఖానలో హైదరాబాద్ పొమ్మన్నరు. నా పెనిమిటి డ్యూటీల ఉన్నడు. బాయి కిందికి ఫోన్ పోదు. ఆయన పైకి వచ్చేదాక ఆగకుండ కాకనే నాతోటి అంబులెన్స్ ఎక్కిండు.

అక్కడి డాక్టరు ఈసారి గొట్టం లేకుండ చూద్దామన్నడు. సన్నటి కెమెరా పంపి, మెదడు లోపలి పలుచటి పొరకు చిన్న బెజ్జం చేస్తే నీళ్లు వాటంతట అవే పోతయట. అదంతా కాక మొఖం చూసుకుంట చెప్తున్నడు. కాక ఆపిండు.

"నాకు గాదు సారూ, ఆమెకు చెప్పుండ్రి. తల్లి ఆమె."

కుర్చీ గోడ దిక్కు తిప్పుకొని కూసున్నడు. ఇగ నేను మాట్లాడక తప్పలే. ఆ బెజ్జం మళ్ల పూడదా అని అడిగిన. డాక్టరు దాచలేదు. కొందరు పిల్లలకు పూడుతదని, ఈ ఆపరేషన్ అందరికీ కుదరదని, నా బిడ్డకు కుదిరేటట్టే ఉన్నదని చెప్పిండు. పూడితే మళ్ల గొట్టమే.

బయటికి వచ్చి ఏం చెయ్యాల్నని కాకను అడిగిన.

"ముప్పై ఏండ్లు పైపులకు కావలి ఉన్న. పైపు ఉన్నకాడ మట్టి పేరుకుంటనే ఉంటది. ఒకపారి రాయి తొలిచి నీళ్లను పల్లానికి వదిలినం, ఆ దిక్కు మళ్ల పంపు పెట్టలే. అయితే బిడ్డ తల బాయి గాదు, దాని సంగతి నాకు తెల్వదు. డాక్టరు మాట విన్నది నువ్వు. నువ్వే చెప్పు."

సంతకం నేనే పెట్టిన. పేరు గీత కిందికి జారింది.

ఆపరేషన్ అయినంక డాక్టరు టీవీ మీద చూపించిండు. గులాబీ రంగు, తడి మెరుపు, నడుమ తూనీగ రెక్కసొంటి పొర, దానికి చిన్న బెజ్జం. గుండె కొట్టుకున్నప్పుడల్లా దాని అంచు లేచి పడుతున్నది. అది నా బిడ్డ తల లోపలి జాగ. తల్లినైనా నేను చూడరాని చోటు చూస్తున్ననేమో అనిపించింది. పక్కకు చూస్తే కాక లేచి నిలవడ్డడు. చెప్పులు విడిచిండు. "ఎవరూ తోడకుండనే పోతున్నయి సూడు" అన్నడు, తనకు తానే చెప్పుకున్నట్టు.

ఇంటికొచ్చినంక కూడా వదల్లేదు. రోజూ గుమ్మం కాడ ఆగి తలనొప్పి ఉందా, వాంతి అయిందా, నిద్ర మామూలేనా అని అడిగేటోడు. నీళ్లు మంచిగ పోతున్నప్పుడే కన్నేసి ఉండాలె అనేటోడు. దవాఖానకు ఫోన్ మాత్రం నాతోటే చేయించేటోడు. రెండేండ్లయింది, మళ్ల ఆపరేషన్ పడలే. మీ పుణ్యమే కాకా అని ఒక్కసారన్న అందామనుకున్న. చాయ్ ఇచ్చి లోపలికి పోయేదాన్ని.

బిడ్డ రిబ్బన్లు పట్టుకొని నా ముందట కూసున్నది, బడి టైమైంది. పాపెడ తీస్తుంటే వేలికి పాత కుట్ల గీత తగులుతది. ఎన్నిసార్లు గొరిగిన తలనో, ఇప్పుడు రెండు జడలు భుజాలు దాటినయి. చదివినంక ఈ కాయితం కాల్చెయ్యుండ్రి. ఆయనకు నోటితోటి చెప్పని మాట కాయితం మీద మిగలొద్దు.