ఊళ్ళోనే ఉన్నానండి

జర్మనీ నుంచి వచ్చిన గ్రైండింగ్ మెషీన్ పటాన్‌చెరులో మా షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని పడుకుంది. దాని కోసం నేను సంగారెడ్డి కోర్టు వరండాలో నిలబడ్డాను. డెబ్బైల మొదట్లో కొన్నేళ్ళపాటు నా బతుకంతా ఇదే. ఇప్పుడు తలుచుకున్నా కాళ్ళు పీకుతాయి.

మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. అరవైల్లో ఇక్కడొక పెద్ద ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం దొరికితే మా ఆవిణ్ణి తీసుకుని వచ్చేశాను. కొన్నేళ్ళు పనిచేశాక, సొంతంగా షెడ్డు పెట్టుకుంటే అదే కర్మాగారానికి షాఫ్టులు చేసి ఇవ్వొచ్చన్న ఆశ పుట్టింది. మా ఆవిడ వద్దంది. ఆవిడ వద్దన్న పనే చేయడం నాకు మొదట్నుంచీ అలవాటు. రాజీనామా ఇచ్చేశాను.

షాఫ్టు నున్నగా తేలాలంటే మంచి గ్రైండింగ్ మెషీన్ కావాలి. జర్మనీ కంపెనీ ఒకటి ఒప్పందం కాగితాలు పంపితే సంతకం పెట్టి తిరుగుటపాలో పంపాను. మెషీన్ ఓడలో బొంబాయి రేవుకి వచ్చింది, అక్కణ్ణుంచి లారీలో మా షెడ్డుకి. కొబ్బరికాయ కొట్టి స్విచ్చి వేశాం. సానరాయి తిరిగింది. తిరిగినకొద్దీ మెషీన్ మొత్తం వణికింది. అది చేసిన షాఫ్టు మీద వేలు పెట్టి రాస్తే గతుకుల రోడ్డు మీద బండి పోయినట్టుండేది. కర్మాగారం వాళ్ళు సరుకంతా తిప్పి పంపారు. జర్మనీకి రాస్తే మీ కరెంటు బాగాలేదు, మీ దుమ్ము బాగాలేదు అని జవాబు వచ్చింది. మీ దేశమే బాగాలేదని రాయడం ఒక్కటే తక్కువ.

వాళ్ళు మెషీన్ మార్చి ఇవ్వాలి, లేదా నేను షెడ్డు మూసుకోవాలి. మూడో దారి లేదు. వదిలేసిన ఉద్యోగం మళ్ళీ ఇస్తారా? అందుకే సంగారెడ్డిలో ఒక ప్లీడరుగారిని పట్టుకున్నాను. ఇంచుమించు నా వయసువాడే. ఇక్కడందరూ వకీల్ సాబ్ అంటారు, నేను మాత్రం ప్లీడరుగారూ అనేవాణ్ణి. ఆయన నా ఒప్పందం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, వెనకవైపు చీమతలకాయంత అక్షరాల దగ్గర ఆగిపోయాడు.

"అన్నా, గిది సదివినవా?"

అప్పుడు చూసి చదివాను. ఏ తగాదా వచ్చినా జర్మనీలో ఆ కంపెనీ ఉన్న పట్నంలోని కోర్టే వినాలని ఉంది. "తగాదా వస్తుందని ఎవరనుకున్నారండీ?" అన్నాను.

"సంతకం పెట్టేటప్పుడు ఎవ్వలనుకోరు. పరేషాన్ గాకు. కేసు ఈడనే ఏద్దాం, ఆళ్ళు ఏమంటరో సూద్దాం."

వాళ్ళు ఏమన్నారంటే, మెషీన్ బాగుందో లేదో తర్వాతి మాట, అసలు ఈ కేసు వినే అధికారం భారతదేశంలో ఏ కోర్టుకీ లేదు అన్నారు. ముందు ఆ సంగతే తేలుస్తానన్నాడు జడ్జి. అలా మెషీన్ పక్కకి పోయింది. దాని వణుకు గురించి ఆ కోర్టులో ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు. ఏ దేశం, ఏ దేశం అంటూనే వాయిదాలు గడిచాయి. ఒకసారి జడ్జి సెలవు, ఒకసారి బదిలీ, కొత్తాయన వచ్చి మళ్ళీ మొదట్నుంచి. పేషీ రోజున పొద్దున్నే బస్సెక్కి, ముత్తంగి, రుద్రారం చేల మీదుగా సంగారెడ్డి చేరి, చప్రాసీ మా పేరు పిలిచేదాకా టీలు తాగుతూ గోడకి జారబడి ఉండేవాణ్ణి.

బయట చూస్తే ఎవరు స్థానికులు, ఎవరు కారు అని ఊరేగింపులు. లోపల నా మెషీన్ ఏ దేశానికి స్థానికం అని వాదనలు. ఒకరోజు కుర్రాళ్ళు బస్సు ఆపి ఒక్కొక్కర్నీ ఏ ఊరని అడిగారు. పటాన్‌చెరు అన్నాను. నా యాస విని పగలబడి నవ్వారు. కొట్టలేదు, తిట్టలేదు, నవ్వారంతే. నాకు మాత్రం రెండు తగిలించినా బాగుండేదనిపించింది. గుడివాడ వెళ్తేనేమో మా వాళ్ళు "హైదరాబాదాయన వచ్చాడర్రా" అని నులకమంచం వాల్చేవారు, చుట్టానికి వాల్చినట్టు.

చివరికి నన్ను బోనెక్కించారు. కంపెనీ తరఫున హైదరాబాదు నుంచి వచ్చిన లాయరు నవ్వుమొహం మనిషి.

"మీ సొంత ఊరేదండీ?"

"గుడివాడ దగ్గరండి."

"ఇల్లూ పొలమూ ఉన్నాయా అక్కడ?"

"ఉన్నాయండి. మా అన్నయ్య చూసుకుంటాడు."

"ఈ ఒప్పందం మీద సంతకం పెట్టినప్పుడు ఎక్కడున్నారు? జర్మనీ వెళ్ళారా? పోనీ బొంబాయి వెళ్ళారా?"

ఒళ్ళు మండింది. నా మొహం చూస్తే జర్మనీ వెళ్ళొచ్చినవాడిలా ఉన్నానా? "ఊళ్ళోనే ఉన్నానండి," అన్నాను.

మా ప్లీడరు నావైపు చూసి జవాబు బాగుందన్నట్టు తలూపాడు. నేను తెలుగులో చెప్పింది జడ్జి ఇంగ్లీషులో చెప్తుంటే టైపిస్టు కొట్టుకుపోయాడు. ఆఖర్న గబగబా చదివి వినిపించారు. పంకా చప్పుడులో సగమే చెవిన పడింది. పొద్దుట్నుంచి తిండి లేదు, నిలబడి నిలబడి నడుం పట్టేసింది. సంతకం పెట్టి బోను దిగాను.

తీర్పు రోజున ప్లీడరు లోపల్నుంచి మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఓడిపోయామా?" అన్నాను.

"గెలిచినం అన్నా. మిషిన్ ఈడ ఉన్నది, సాక్షులు ఈడ ఉన్నరు, గరీబోన్ని జర్మనీ దాక ఉరికించుడు న్యాయం గాదు, మన దేశం కోర్టులే ఇనాలె అన్నడు."

"మరి?"

"మన దేశమే గని, సంగారెడ్డి గాదంట. ఒప్పందం మీద నువ్వు సంతకం పెట్టింది మీ ఊర్ల. సామాను అప్పజెప్పింది బొంబయి రేవుల. ఈ కోర్టు ఇలాకాల ఏం జరగలే అన్నడు. దావా వాపస్ ఇచ్చిండు. మీ గుడివాడ దిక్కు ఏసుకోవాలె, లేకుంటె బొంబయి."

"మా ఊళ్ళో సంతకం పెట్టానని ఎవరు చెప్పారు?"

ఆయన నా సాక్ష్యం కాగితం తీసి వేలు పెట్టి చూపించాడు. సంతకం పెట్టినప్పుడు నా నేటివ్ ప్లేసులో ఉన్నాను అని ఇంగ్లీషులో ఉంది. కింద నా సంతకం.

"ఊళ్ళోనే అంటే ఇక్కడ! పటాన్‌చెరులో! ఎక్కడికీ వెళ్ళలేదని!" వరండాలో జనం తిరిగి చూసేంత గట్టిగా అరిచాను.

"నువ్వు ముందలనే గుడివాడ అన్నవ్ గదనె," అన్నాడాయన, గొంతు తగ్గించి. "ఎంబడే ఊర్లనే ఉన్న అన్నవ్. మీ దిక్కోళ్ళు ఊరు అంటె గా ఊరే గద ఎప్పుడు. జడ్జే గాదు, నేను గూడ గట్లనే అనుకున్న. జర్మనీ అనలే గద, మనకు మంచిదే అని తలూపిన."

హైకోర్టుకి అప్పీలు చేద్దాం, జెర టైం పడ్తది అన్నాడు. ఆ జెర అంటే ఎంతో అప్పటికి నాకు బాగా తెలుసు. వద్దన్నాను. గుడివాడ కోర్టుకీ వెళ్ళలేదు, బొంబాయికీ వెళ్ళలేదు. షెడ్డు మూసేసి మెషీన్ని తుక్కుకింద అమ్మేశాక, మరొకరి ఫ్యాక్టరీలో సూపర్వైజరుగా చేరి రిటైరయ్యేదాకా అక్కడే చేశాను.

తీర్పు విన్న ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. నా మొహం చూసి కూడా అడిగింది.

"ఏమన్నారు?"

"దేశం మనదేనన్నారు. ఊరు మాత్రం మనది కాదన్నారు."

బోనులో నేనన్నదీ వాళ్ళు రాసుకున్నదీ అంతా చెప్పాను. బియ్యంలో చెయ్యి అలాగే ఉంచి వింది.

"వచ్చిన ఇన్నేళ్ళలో మీరెప్పుడూ ఈ ఊరిని ఊరనలేదు," అంది. "ఎప్పుడు చూసినా 'ఇక్కడ' అంటారు. ఊరంటే గుడివాడే మీకు. నోరారా దీన్ని ఊరన్నది మొదటిసారి ఆ బోనులోనేనా?"

అవుననే అన్నాను. కాళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళిచ్చింది.